వేట కబుర్లు చదువు కాదా?

వేసవి సెలవులు అయ్యాకో, దసరా సెలవులు అయ్యాకో మన హాస్టల్లో మొదటి రెండు రాత్రులు ఎవరికీ నిద్ర ఉండదు. ట్రంకు పెట్టెల్లో తెచ్చుకున్న సకినాలు, అరిసెలు అయిపోయేదాకా కబుర్లే. అందులో సినిమాల వాటా కొంత, క్రికెట్ వాటా కొంత. మిగిలిందంతా వేట. ఎవరి ఊరి చెరువు ఎండితే ఎంత పొడుగు వాలుగ దొరికింది, మత్తడి దుంకుతుంటే కింద ఎవరు ఎన్ని పరిగెలు పట్టారు, గాలానికి పడిన కొర్రమీను గట్టు దాకా వచ్చి ఎట్లా జారిపోయింది, ఇవే. చెప్పేవాడి చేతులు చాపిన కొద్దీ చేప పెరుగుతుంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులు మన దగ్గర తక్కువేం లేరు. అయినా మధ్యలో లేచి వెళ్లిపోయేవాడు ఒక్కడూ ఉండడు. లైట్లు ఆర్పమని వార్డెన్ సారు కేకేసినా చీకట్లో గుసగుసగా సాగుతూనే ఉంటుంది.

పొద్దున కాలేజీకి వెళ్లగానే అవే నోళ్లు మూతపడతాయి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ రాత్రి కబుర్లు కాలక్షేపం కావు. అవి చదువు. మనం సిగ్గుపడి దాచుకుంటున్న చదువు. మన వార్షికోత్సవ సంచికలో ఏటా "విద్యార్థి – క్రమశిక్షణ", "కాలం విలువ", "కంప్యూటర్ యుగం" అంటూ వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. రానివ్వండి, కాదనను. కాని ఒక చేప గురించి గాని, ఒక వల గురించి గాని ఇన్నేళ్లలో ఒక్క పేజీ రాలేదు. రాయగలిగినవాళ్లు లేక కాదు. మన గదుల్లో బెస్తల పిల్లలున్నారు, ముదిరాజులున్నారు, ఎరుకల, యానాది, కోయ, చెంచు తమ్ముళ్లున్నారు. మాలవాడ, మాదిగవాడల నుంచి వచ్చినవాళ్లలో చెరువులో దిగి చేప పట్టనివాడు అరుదు. తెలిసినవాళ్లు ఇంతమంది ఉండి కూడా ఎవరూ రాయలేదు.

అడ్మిషన్ ఫారంలో "తండ్రి వృత్తి" అనే గడి ఒకటి ఉంటుంది. అందులో మనలో ఎక్కువమంది "కూలి" అని రాస్తాం. ఏడాదిలో ఆరు నెలలు చెరువు మీదే బతికే ఇంటి పిల్లవాడు కూడా కూలి అనే రాస్తాడు. చేపలు పట్టడం అని రాస్తే క్లాసులో నవ్వుతారని భయం. "నీసు వాసన" అనే మాట మనలో చాలామంది విన్నదే. చేప ముక్క కంచంలో పడినప్పుడు ఎవరికీ రాని వాసన, ఆ చేపను పట్టినవాడి బిడ్డ పక్కన కూర్చుంటే ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

కొర్రమీను సంగతే తీసుకుందాం. డిగ్రీ జంతుశాస్త్రంలో "చేపలలో అదనపు శ్వాసాంగాలు" అనే పాఠం ఉంది. కొర్రమీనుకు మొప్పల పైభాగాన గాలి నింపుకునే గదులు ఉంటాయని, అది తల పైకెత్తి గాలి పీలుస్తుందని, అందుకే నీళ్లు తక్కువైనా బతుకుతుందని అందులో రాసి ఉంటుంది. మార్కుల కోసం మనం బట్టీ పడతాం. ఇదే సంగతిని ఊళ్లో తాతలు ఒక్క ముక్కలో చెబుతారు: "కొర్రమీను నీళ్లలో మునిగి సచ్చే చేప." మొదటిసారి విన్నవాడికి ఇది పొడుపు కథలా ఉంటుంది. ఆలోచిస్తే పాఠమంతా ఇందులోనే ఉంది. దాన్ని పైకి రానివ్వకుండా నీటి అడుగునే ఆపేస్తే, చుట్టూ నీళ్లున్నా ఊపిరాడక చచ్చిపోతుంది.

ఈ తెలివి తాతలకు పుస్తకంలోంచి రాలేదు, గట్టు మీద కూర్చోవడంలోంచి వచ్చింది. కొర్రమీను కోసం గాలం వేసేవాడు నీళ్లకేసి ఊరికే చూడడు. గడ్డిలోనో, తామరాకుల సందునో ఎక్కడ నీరు చిన్నగా "గుబుక్"మంటుందో చూస్తాడు. గాలి కోసం అది పైకి వచ్చిన చోటు అదే. కాసేపటికి మళ్లీ ఎక్కడ లేస్తుందో లెక్కగట్టి అక్కడికి చిన్న కప్పను ఎరగా వేస్తాడు. జెల్లకైతే వానపాము చాలు, పరిగెలకు పిండి ముద్ద చాలు, కొర్రమీనుకు మాత్రం కదిలే ఎర కావాలి. అది వేటాడి తినే చేప కదా. ఎండాకాలం చెరువు అడుగంటాక ఇంకో రకం వేట. పైన నెర్రెలు విచ్చిన మట్టి, కింద ఇంకా తడి ఆరని బురద. అందులో కొర్రమీను ఒదిగి వాన కోసం ఎదురు చూస్తుంటుంది. మట్టి మీది గుర్తులు చూసి తవ్వేవాడు ఉత్త చేతులతో రాడు. తెలియనివాడు చెరువంతా తవ్వినా వాడికి మిగిలేది నడుం నొప్పి.

అన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించేది పిల్లల సంగతి. కొర్రమీను పిల్లలు గుంపుగా, నీటి మీద ఎర్రటి బంతి దొర్లుతున్నట్టు తిరుగుతాయి. కింద తల్లీదండ్రీ కాపలా ఉంటాయి. పిల్లల గుంపు కనబడిందంటే కింద పెద్ద చేప ఉన్నట్టే లెక్క. గాలం వేస్తే కోపంతోనైనా వచ్చి పట్టుకుంటుంది, అంత సులువు. సరిగ్గా అందుకే పెద్దవాళ్లు అప్పుడు పట్టవద్దనేవాళ్లు. తల్లి పోతే ఆ బంతి మొత్తం గంటల్లో మిగతా చేపల నోట్లోకి పోతుంది. దొరికే చేపను దొరుకుతున్న క్షణంలోనే వదిలేయడం చట్టం వల్ల వచ్చింది కాదు. మళ్లీ ఏడు కూడా ఇదే చెరువుకు రావాలి అనే లెక్క అది. కొర్రమీనును తెలంగాణ రాష్ట్ర చేపగా 2016లో ప్రకటించారు. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసానికి బత్తిని వారు ఇచ్చే చేప మందులో మింగించేదీ కొర్రమీను పిల్లనే. దాన్ని రాష్ట్ర చేప చేయడం బాగానే ఉంది. దాని గురించి తెలిసినవాళ్లను అడిగి రాసుకున్నవాళ్లే కనబడరు.

వల గురించి రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది. విసురు వల అంచుకు సీసం గుండ్లు ఎంతెంత దూరంలో కట్టాలి, భుజం మీద ఎన్ని మడతలు వేసుకోవాలి, ఏ మడతను మోచేతికి తగిలించాలి, తిరిగి విసిరితే గొడుగులా విచ్చుకుని నీటి మీద గుండ్రంగా ఎట్లా పడాలి, ఇవన్నీ చేతికి తెలుస్తాయి గాని నోటికి రావు. జెల్లను వెనక నుంచి, ముళ్లు మూసి పట్టుకోవాలని, ఇంగిలాయి ముల్లు దిగితే రాత్రంతా సలుపుతుందని మనకు ఎవరూ పాఠం చెప్పలేదు, ముల్లే చెప్పింది. ఇక మన అమ్మల చదువు వేరు. సంతలో గంప ముందు కూర్చున్న అమ్మ మొప్ప ఎత్తి రంగు చూస్తుంది, కన్ను చూస్తుంది, పొట్ట నొక్కి చూస్తుంది, అది ఏ పూట పట్టిన చేపో చెప్పేస్తుంది. కొర్రమీనుకు, బొమ్మిడాయికి జిగురు పోవాలంటే బూడిదతో రుద్దాలని ఆమెకు తెలుసు. తూకంలో ఎక్కడ మోసం జరుగుతుందో కూడా ఆమెకే తెలుసు.

శాస్త్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. బొచ్చె, రోహు, ఎర్రమోసు లాంటి పెద్ద చేపలు నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు. వాటికి పారే నీరు, కొత్త వరద కావాలి. తొలకరి వరదకు చేప ఎదురెక్కుతుందని, ఆ నాలుగు రోజులే వాగుల్లో పిల్లలు దొరుకుతాయని జాలర్లకు తరతరాలుగా తెలుసు. అయితే వాగులో దొరికిన పిల్లలతో దేశమంతటి చెరువులు నిండవు కదా. 1957లో హీరాలాల్ చౌదరి అనే శాస్త్రవేత్త, చేప పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఇప్పుడు మన చెరువుల్లో వదిలే పిల్లలన్నీ ఆ పని ఫలితమే. ఏటా జులై 10న జాతీయ మత్స్య రైతుల దినం జరుపుకునేది కూడా అందుకే. జాలరి చూసింది వరదను, శాస్త్రవేత్త చూసింది వరద వచ్చినప్పుడు చేప ఒంట్లో జరిగేదాన్ని. ఇద్దరూ చూసింది ఒక్క చేపనే. మన క్లాసులో రెండోవాడి పేరు మాత్రమే చెబుతారు. మొదటివాడి కొడుకు వెనక బెంచీలో కూర్చుని ఆ పేరు రాసుకుంటాడు.

నిజానికి వేట గురించి రాసిన రాత తక్కువేం లేదు. ఎవరు రాశారు, ఎవరి వేట గురించి రాశారు అన్నదే ప్రశ్న. మన ప్రబంధాల్లో రాజుల వేట పద్యాలకు పద్యాలు సాగుతుంది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు వెళ్తాడు. ధూర్జటి చెప్పిన తిన్నని కథ కొంత మేలు, బోయ పిల్లవాడు నాయకుడయ్యాడు. అయితే కన్ను పెరికి శివుడికి ఇచ్చాక గాని మనవాళ్లు అతన్ని భక్తుడని ఒప్పుకోలేదు. తరవాత దొరల కాలం వచ్చింది. నిజాం రాజ్యంలో వేటకు వచ్చిన దొరలకు, అధికారులకు సామాన్లు మోసింది, డప్పులు కొట్టి పొదలు తట్టి మెకాన్ని లేపింది వెట్టి మనుషులే. తుపాకీ పేల్చినవాడు పులి మీద కాలు పెట్టి ఫోటో దిగాడు. మెకం ఎటు నుంచి వస్తుందో చెప్పినవాడు ఫోటోలో లేడు.

ఇంగ్లీషు వేట పుస్తకాలు చదివిన మిత్రులు కొందరు జిమ్ కార్బెట్‌ను, కెన్నెత్ ఆండర్సన్‌ను మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. ఆండర్సన్ 1910లో మన బొల్లారంలో పుట్టినవాడు, చిత్తూరు జిల్లా చామల లోయ గురించి కూడా రాశాడు. జాడలు తీయడంలో తన దోస్తు అయిన బైరా అనే అడవి మనిషి పేరు చెప్పి మరీ రాశాడు. ఆ మాత్రం మర్యాద చాలామంది చూపలేదు. కార్బెట్ 1944లో అచ్చయిన "మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్"తో లోకమంతా తెలిశాడు. చివరి రోజుల్లో తుపాకీ కన్నా కెమెరానే ఎక్కువ పట్టుకున్నాడు. అయినా బైరా తనే కలం పట్టి ఉంటే ఆ కథ ఎట్లా ఉండేదో అనిపించకుండా ఉండదు. బైరాకు రాత రాదు. మనకు వచ్చు. తేడా అదొక్కటే.

కలివి కోడి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడి ద్వారా ఈ పిట్ట శాస్త్రలోకానికి తెలిసింది. ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరే. 1900 తరవాత పండితులెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప జిల్లా లంకమల అడవుల చుట్టుపక్కల ఊళ్లలో అడుగుతూ తిరిగారు. చివరికి 1986 జనవరిలో దాన్ని పట్టి తెచ్చింది, రాత్రిపూట లైటు వేసుకుని పిట్టలు పట్టే ఒక ఊరి వేటగాడు. అది రాత్రి తిరిగే పిట్ట. పగలు వెతికితే ఎందుకు దొరుకుతుంది? ఎనభై ఆరేళ్లు పండితులకు లేని పిట్ట ఆ ఊరివాళ్లకు ఉంది. దానికి పేరు కూడా పెట్టుకున్నారు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివి కోడి. ఆ తరవాత దాని కోసం 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి సైతం మార్చవలసి వచ్చింది. ఒక పిట్టలు పట్టేవాడి రాత్రి చదువు ఎంత దూరం పోయిందో చూడండి.

ఇంతవరకూ చదివి "అయితే వేట గొప్పదే కదా" అని మన వాళ్లు కొందరు చంకలు గుద్దుకుంటారని నాకు తెలుసు. ఆగండి. మొన్న సెలవుల తరవాత విన్న కబుర్లలో నాకు నచ్చనివీ చాలా ఉన్నాయి. పొలం చుట్టూ తీగ లాగి కరెంటు పెడితే పొద్దునకల్లా రెండు అడవి పందులు పడ్డాయని ఒకరు. బైకు క్లచ్ వైరుతో ఉచ్చులు పెట్టామని ఒకరు. క్వారీలో దొరికిన జిలెటిన్ కడ్డీ వాగులో వేస్తే చేపలన్నీ తెల్లగా తేలాయని ఇంకొకరు. మడుగులో పురుగుల మందు కలిపారని మరొకరు. ఇవి చెప్పినప్పుడు కూడా అందరూ నవ్వారు. ఇది వేటంటే నేను ఒప్పుకోను. ఇందులో జాడ తీయడం లేదు, ఎదురు చూడడం లేదు, గాలి ఎటు వీస్తుందో చూడడం లేదు. స్విచ్చు వేసి వచ్చి పడుకోవడానికి ఏ తెలివి కావాలి? తాత దగ్గర పది ఏళ్లు నేర్చుకున్న పనికి, పది నిమిషాల్లో ఎవడైనా చేయగల పనికి ఒకటే పేరు పెడితే తాతకు అవమానం.

అవమానం సంగతి పక్కన పెట్టినా, ప్రాణాల సంగతి ఉంది. కరెంటు తీగకు పంది ఏది, మనిషి ఏది అని తెలియదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాత్రిపూట నీళ్లు పెట్టడానికి పొలానికి పోయిన రైతులు, తెల్లవారుజామున మేకలు తోలుకెళ్లిన కాపరులు ఈ తీగలకు తగిలి చనిపోయిన వార్తలు పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? చచ్చేదీ మనవాళ్లే, తీగ పెట్టి జైలుకు పోయేదీ మనవాళ్లే. జిలెటిన్ కడ్డీ చేతిలోనే పేలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నీళ్లలో మందుగుండు పేల్చి గాని, విషం కలిపి గాని చేపలు పట్టడం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెప్పింది. ఇంగ్లీషువాడికి కూడా అర్థమైన సంగతి ఇది. అట్లా చంపితే తినే చేపతో పాటు తినలేని పిల్ల, గుడ్డు, నత్త, కప్ప అన్నీ పోతాయి. మళ్లీ ఏడు చెరువు దగ్గరికి ఎందుకు పోవాలి?

ఇక అడవి జంతువుల విషయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలైనా, కౌజుపిట్టైనా, దుప్పైనా వేటాడడం నేరం. ఉడుమును చట్టం మొదటి జాబితాలో, అంటే పులి ఉన్న జాబితాలోనే పెట్టారు. దాన్ని పట్టి నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా జైలు. ఉద్యోగాల కోసం చదువుకుంటున్న మనం ఇది తెలుసుకుని ఉండాలి. ఒక్క కేసు పడితే పోలీసు వెరిఫికేషన్లో అన్నీ ఆగిపోతాయి.

దీనికి మన గదిలోనే ఒక అన్న నాతో గట్టిగా వాదించాడు. "మా తాతలు తిన్నారు, మేం తింటే తప్పేంటి? అడవిని కొట్టింది మేమా? కలప అమ్ముకున్నది మేమా?" అన్నాడు. ఆ కోపంలో న్యాయం ఉంది. రాజులు, దొరలు సరదాకు కాల్చినన్ని పులుల్ని ఏ చెంచు గూడెమూ కాల్చలేదు. చట్టం అందరికీ ఒకేలా పని చేయదన్న మాటా నిజమే. రాజస్థాన్‌లో 1998లో కృష్ణజింకల్ని వేటాడిన కేసులో ఒక హిందీ సినిమా అగ్రనటుడికి కింది కోర్టు శిక్ష వేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2018లో శిక్ష పడితే రెండు రోజుల్లో బెయిలు దొరికింది. అదే కుందేలుతో దొరికిన మన ఊరి పిల్లవాడికి బెయిలు ఇప్పించడానికి వాళ్ల నాన్న మేకల్ని అమ్ముకోవాలి. అయితే ఆ కేసు అంతదాకా నడిచింది ఎవరి వల్ల? జింకను ఇంటి బిడ్డలా చూసుకునే బిష్ణోయి పల్లెజనం వల్ల. పేదవాళ్లే ఫిర్యాదు చేసి, పేదవాళ్లే సాక్ష్యం చెప్పారు. చట్టం పెద్దవాళ్ల మీద కూడా పని చేయాలని మనం పట్టుబట్టాలి గాని, వాళ్లు తప్పించుకున్నారు కాబట్టి మనమూ చంపుతామనడం వాదన కాదు.

ఆ అన్నే అడిగిన రెండో ప్రశ్నకు నా దగ్గర అంత సులువైన జవాబు లేదు. పందులు ఒక్క రాత్రిలో ఎకరం మొక్కజొన్న తొక్కేస్తే రైతు ఏం చేయాలి? కౌలు కట్టాల్సినవాడికి అభయారణ్యం గురించి ఉపన్యాసం చెబితే వింటాడా? పరిహారం ఉందంటారు, కాగితాల చుట్టూ తిరిగేసరికి ఇంకో పంట పోతుంది. మంచె కట్టి కావలి ఉండడం, డబ్బాలు కట్టడం, పంటను గుంపుగా వేసుకుని అందరూ కలిసి వంతులవారీ కాపలా కాయడం పాత పద్ధతులు. మనిషి కష్టం ఎక్కువ, ప్రాణభయం తక్కువ. పరిహారం గడువులోపల రావాలని, మరీ ఎక్కువైన చోట అధికారుల అనుమతితోనే పందుల్ని తగ్గించాలని అడగడం మన హక్కు. నేను చెప్పగలిగింది అంతవరకే. కరెంటు తీగ మాత్రం ఏ లెక్కన చూసినా జవాబు కాదు.

నల్లమల చెంచుల దగ్గర ఇంకో దారి కనబడుతుంది. విల్లంబులతో వేటాడి బతికిన జనం వాళ్లు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ అడవి ఆంధ్ర వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం, తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యాలుగా ఉంది. రెండు వైపులా వేటగాళ్లను అడ్డుకునే బేస్ క్యాంపుల్లో కావలి పని చేస్తున్నవాళ్లలో చెంచులు ఎంతోమంది. ఆకు తిరగబడిన తీరు చూసి మెకం ఎప్పుడు పోయిందో చెప్పగలిగిన కన్ను అడవిశాఖకు ఇంకెక్కడ దొరుకుతుంది? నాన్న బాణం వేయడానికి వాడిన తెలివినే కొడుకు పులిని కాపాడడానికి వాడుతున్నాడు. ఆ కొడుకు జీతం పెరగాలి, ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఆ మాట కూడా ఇక్కడే అనేస్తున్నాను.

చేపల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన చేతిలో చట్టబద్ధంగా మిగిలిన వేట అదే. దానికీ పద్ధతి ఉంది. చెరువు మత్స్య సహకార సంఘానిదైతే వాళ్లను అడగాలి, అది వాళ్ల పంట. 2016 నుంచి తెలంగాణ చెరువుల్లో ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని వదిలింది. బొచ్చె, రోహు పెరిగి సంఘాలకు నాలుగు రూపాయలు వచ్చాయి. సంతోషమే. కాని ఆ లెక్కల్లో పరిగె, మట్టగిడస, జెల్ల, ఇసుకదొంతి లేవు. వాటిని ఎవరూ వదలరు, ఎవరూ లెక్కపెట్టరు. పొలాల మందులు దిగి కొన్ని, దోమతెర లాంటి సన్న కన్ను వలలు లాగి కొన్ని, నిషేధించినా ఎట్లాగో చెరువుల్లోకి చేరిన ఆఫ్రికా మార్పు మింగి కొన్ని పోతున్నాయి. కొనకుండా పేదవాడికి దొరికే చేపలు అవే. ముళ్లతో సహా నమిలి తినే ఆ చిన్న చేపల్లోనే సున్నం బలం ఎక్కువ. మన హాస్టల్ మెనూలో గుడ్డు ఉంది, కోడికూర ఉంది, చేప లేదు. ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయని వంటవాళ్ల భయమట. చేప తినడం రానివాళ్లు ఈ హాస్టల్లో ఎవరో నాకు చూపించండి.

పాత తరం పోతున్న కొద్దీ పేర్లు కూడా పోతున్నాయి. మన తమ్ముళ్లలో చాలామందికి చిన్న చేపలన్నీ "పరకలే". వాళ్ల నాన్నకు అందులో పది రకాలు తెలుసు. తాతకు ఎన్ని తెలుసో అడిగినవాళ్లు లేరు. ఊత, మావు, గాలం, పుట్టి, తెప్ప లాంటి మాటలు నిఘంటువులో ఉంటే ఉండవచ్చు. ఏ ఊత ఎంత లోతు నీళ్లకు పనికి వస్తుందో, మావును నీటి వాలుకు ఎటు ముఖం పెట్టి బిగించాలో నిఘంటువు చెప్పదు.

అందుకని ఈ సంవత్సరం మన లైబ్రరీలో ఒక పాత హాజరు రిజిస్టరును అడిగి తీసుకుని "చెరువు పుస్తకం" అని పేరు రాసి పెట్టాం. సెలవులకు ఇంటికి పోయినవాళ్లు తిరిగి వచ్చాక అందులో ఒక్క పేజీ రాయాలి. చేప పేరు, మీ ఊళ్లో ఏమంటారు, ఏ కార్తెలో దొరుకుతుంది, ఎరేమిటి, ఎవరు చెప్పారు. చెప్పినవాళ్ల పేరు తప్పకుండా రాయాలి, "మా తాత" అంటే కుదరదు. బొమ్మ వేయగలిగినవాళ్లు వేయాలి. అబద్ధం చెప్పాలనుకుంటే చేప పొడవు విషయంలో మాత్రమే చెప్పండి, అది ఎట్లాగూ ఎవరూ నమ్మరు. కరెంటు తీగల వీరగాథలకు మాత్రం ఆ పుస్తకంలో చోటు లేదు.

ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి. నాలుగో పేజీలో గొడవ నడుస్తోంది. ఖమ్మం వైపు తమ్ముడు "పాపెర" అని రాసినదీ, గోదావరి జిల్లా తమ్ముడు "బొమ్మిడాయి" అని రాసినదీ ఒకే చేపా, రెండా అని. ఇద్దరూ బొమ్మలు వేశారు, రెండు బొమ్మలూ పాముల్లాగే ఉన్నాయి. జంతుశాస్త్రం సారును అడిగితే చేపను తెచ్చి చూపించమన్నారు. వచ్చే సెలవుల్లో ఇద్దరూ చెరో సీసా తీసుకెళ్తున్నారు.